కానుగకాయపై హక్కు ఎవరిది?

పెనుకొండకు దక్షిణమున, బెంగుళూరు పోవు 44వ జాతీయ రహదారి నానుకొనియున్న సోమందేపల్లె ప్రాంతమున సాలీనా కురియు వాన ఇంచుమించు 550 మిల్లీమీటర్లు మాత్రమే యగుటచేతను, అదియు రైతు కోరిన వేళ కురియకపోవుటచేతను, చెట్టు నాటుట యనునది కేవలము కనులపండువుకొఱకు చేయదగిన పని కాదు. అయినను మన రాష్ట్రమున ఇటీవలి యేండ్లలో బాటలవెంటను, క్రొత్త లేఅవుట్లలోను త్వరగా పెరుగుననియు అందముగా నుండుననియు కోనోకార్పస్ వంటి పరదేశపు మొక్కలను విరివిగా నాటుచు వచ్చిరి. ఈ కరవునేలకు తగినది కానుగ యని నా దృఢవిశ్వాసము.

ఆయుర్వేద గ్రంథములు కరంజమని పేర్కొన్న వృక్షమిదియే. వేసవి తొలినాళ్లలో ఆకు రాల్చి, ఎక్కువకాలము మోడై నిలువక చిగురు తొడిగి, ఎండ ముదిరిన కొలది గాఢహరితవర్ణము దాల్చి, తెలుపును లేత ఊదాయును కలసిన చిఱుపూల గుత్తులను ఆకుల నడుమ దాచుకొను ఈ చెట్టు పూచినదని క్రింద నిలిచినవానికి తేనెటీగల ఝంకారమే ముందుగా తెలుపును. తల్లివేరు లోతునకు దిగుటచే అనావృష్టిని సహించును. చిక్కుడు కుటుంబమునకు చెందినది గనుక, వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. ఆకు చేదగుటవలన మేకలు సైతము అంతగా ఆశింపవు. కావున కంచె లేని గట్టుమీదను బ్రదుకగలదు.

దీని రొట్ట పొలమునకు ఎరువు. గింజలో దాదాపు మూడవవంతు నూనె యుండును. అది తినుటకు పనికిరాకున్నను, పూర్వము దీపములకును, గజ్జి తామరలకు పైపూతగాను వాడుకలో నుండెను. నూనె తీసిన పిదప మిగులు చెక్క చెదలను అణచుచు, ఏండ్ల తరబడి వేరుసెనగ యొక్కటే పండించి సారము కోల్పోయిన ఎర్రనేలకు బలమిచ్చును. అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు: కాయ పండి రాలునది మాఘము మొదలు చైత్రము వరకు, అనగా మెట్టపొలమున పని యడుగంటి, జనులు కూలికై బెంగుళూరు దారి పట్టు కాలమున.

ఈ గింజ ఊరికి రాబడి తెచ్చుట కొక ఉదాహరణము కలదు: 2003లో ఆదిలాబాదు జిల్లా పవర్‌గూడ గిరిజన స్త్రీలు, డీజిలుకు బదులు కానుగనూనె వాడుటవలన తగ్గు 147 టన్నుల బొగ్గుపులుసు వాయువునకు ప్రతిఫలముగా ప్రపంచబ్యాంకునుండి 645 డాలర్లు పొందిరి. మొత్తము స్వల్పమే, కాని గింజ వారిది, నూనె తీయు యంత్రము వారి యూరిలోనిది. ఆ దశాబ్దమున జీవ ఇంధనముపై దేశమంతట పెట్టుకొన్న ఆశలు చాలవఱకు ఫలింపలేదనుట సత్యము. అందులకు చెట్టును నిందింపరాదు. చెట్టు చెట్టుకును కాపున మిక్కిలి భేదముండగా, మేలైన కాపుగల తల్లిచెట్టును ఎన్నుకొని అంటు కట్టిన మొక్కనే నాటవలెనను జాగ్రత్త, ఏరిన గింజకు కొనువాడు దగ్గర నుండవలెనను ఆలోచన కొఱవడిన చోట ఏ తోట నిలుచును?

నాటినవానికి ఫలముపై అధికారము లేనిచో, మొదటి వేసవిలో ఒక కడవ నీరు మోసి పోయువాడెవడు? కనుక బాటప్రక్కన నాటిన ప్రతి కానుగకును, దాని నానుకొనిన పొలము రైతునకో, ఊరి మహిళాసంఘమునకో కాయ ఏరుకొను హక్కును పంచాయతీ వ్రాతమూలకముగ ఈయవలెను. మండలమునకు ఒక నూనెయంత్రమును ప్రభుత్వము నెలకొల్పవలెను. కాయ హక్కు పత్రములు తొలకరికి ముందే రైతుల చేతికి అందవలెను.