గుర్తింపుకు కావలి

సూరత్ నగరాన అమ్రోలిలో మరమగ్గాల శ్రామికులు ఎందరో. పనికోసం, అద్దె గదికోసం, సిమ్ కార్డుకోసం వారి ఆధార్ నకళ్లు చేతులు మారుతూనే ఉంటాయి. ఆ నకలుతో అపరిచితుడెవడో అప్పు తీసుకుంటే, వసూలుదారులు వచ్చేది అసలు మనిషి గడపకే. ఈ భయాన్ని ఆసరా చేసుకొని కొన్ని సంస్థలు రుసుము పుచ్చుకొని 'గుర్తింపు రక్షణ' అమ్ముతున్నాయి. అవి దొంగతనాన్ని ఆపజాలవు. జరిగినదాన్ని తెలియజేయగలవు, అంతే.

ఆపాటి హెచ్చరికకు సొమ్ము అక్కరలేదు. రిజర్వు బ్యాంకు 2016 నాటి ఆదేశం ప్రకారం నాలుగు రుణసమాచార సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొక సంస్థను అడిగితే ఏడాది పొడవునా కావలి ఉన్నట్లే. ఆధార్ వేలిముద్రలకు తాళం వేయడమూ ఉచితమే. నకలు మీద అది ఎందుకు ఇస్తున్నదీ రాసి సంతకం చేయడం పాత పద్ధతి, నేటికీ పనికివచ్చేదే.