నేల కింద ఖర్చుకు బ్యాంకు లెక్కలో చోటేది?

అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల సొంత స్థలంలో ఇల్లు కట్టుకునేవారికి గృహరుణం మంజూరైతే చాలు, ముహూర్తం పెట్టేసుకుంటారు. మంజూరు పత్రం మీది మొత్తం మాత్రం ఒక్కసారిగా చేతికి రాదు. పునాది, లింటెల్, శ్లాబు, ప్లాస్టరింగ్... ఒక్కో దశ పూర్తయి, బ్యాంకు ఇంజినీరు చూసి వెళ్లాకే ఒక్కో విడత విడుదలవుతుంది. రుణం విడుదల నిర్మాణ దశలను అనుసరించే ఉండాలని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో స్పష్టంగా చెప్పింది. సొమ్ము దారి మళ్లకుండా ఈ కట్టుబాటు అవసరమే. చిక్కల్లా, ఆ దశల పట్టికను ఏ నేలను చూసి రాశారన్నదే.

కోనసీమ గోదావరి పాయలు మేటవేసిన నేల. ఇక్కడ పల్లపు స్థలాన్ని ముందు మెరక చేయాలి. పోసిన మట్టి గట్టిపడేదాకా ఆగాలి. ఊటనీరు తోడుకుంటూ పునాది తీయాలి. 1986 నాటి, 2022 జులై నాటి వరదలు చూసిన లంక గ్రామాలవాళ్లు బేస్‌మెంట్ ఎత్తు పెంచకుండా కట్టుకోలేరు. ఇంతా చేసి వానాకాలంలో గోదావరి పోటెత్తితే ఇసుక ర్యాంపులు మూతపడతాయి. ఇక్కడ ఇంటి ఖర్చు నేల కింద మొదలవుతుంది, బ్యాంకు లెక్క నేల పైన మొదలవుతుంది. కోనసీమ రుణగ్రహీతను కుంగదీస్తున్నది ఈ తేడాయే.

30 లక్షల రూపాయల లోపు రుణమైతే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. మిగతా వాటాను సాధారణంగా రుణగ్రహీతే ముందు ఖర్చుపెట్టి చూపాలి. ఉదాహరణకు 20 లక్షల అంచనాలో సొంత వాటా 4 లక్షలనుకుందాం. మెరకకూ, లోతు పునాదికీ ఆ 4 లక్షలు అయిపోతాయి. మెరక ఖర్చు అంచనాలో లేకపోతే బ్యాంకు దాన్ని లెక్కలోకి తీసుకోదు. పునాది పూర్తయితేనే మొదటి విడత, మొదటి విడత వస్తేనే పునాది పూర్తి. ఆ మధ్యలో నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, బయట అప్పు తెస్తారు. బ్యాంకు రుణం చవకన్న మాటకు అక్కడితో అర్థం పోతుంది.

రెండో నిబంధన ప్లానుకు సంబంధించినది. ఢిల్లీ హైకోర్టు ఆదేశాలను అనుసరించి 2006 నవంబరులో రిజర్వు బ్యాంకు జారీచేసిన ఉత్తర్వు ప్రకారం, ఆమోదిత ప్లానును మీరనని రుణగ్రహీత ప్రమాణపత్రం ఇవ్వాలి. నిర్మాణం ముగిసిన మూడు నెలల్లో పూర్తి ధ్రువపత్రం తేవాలి. తేలేకపోతే మొత్తం రుణాన్ని వడ్డీతో సహా వెనక్కి అడిగే అధికారం బ్యాంకుకు ఉంటుంది. మన ఊళ్లలో గోడలు లేచాక సిద్ధాంతి చెప్పాడని వంటగది మారుతుంది, రెండో అబ్బాయి కోసం ఓ గది కలుస్తుంది. ఇంటి పన్ను పడితే ఇల్లు పూర్తయినట్టే అనుకుంటాం. సంతకం చేసిన కాగితం అలా అనుకోదు.

దస్తావేజుల సంగతీ అంతే. గ్రామకంఠంలోని పెరడుకు, పెద్దమనుషుల సమక్షంలో జరిగిన నోటి పంపకానికి లీగల్ ఒపీనియన్ తేలిగ్గా రాదు. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్నవారు ఇక్కడివారి పేరిట పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది దేశంలోకి వచ్చిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఇవన్నీ ముహూర్తానికి ముందే తేల్చుకోవాలి.

జాగ్రత్తల భారమంతా రుణగ్రహీత మీదే వేయడం న్యాయం కాదు. 2024 అక్టోబరు 1 నుంచి ప్రతి కొత్త రిటైల్ రుణానికీ ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలి. అది రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలి, అందులోని విషయాలు వివరించి చెప్పాలి. అయితే రుణం దశలవారీగా ఇస్తున్నప్పుడు, ఆ వివరాలు ఒప్పందంలో ఏ క్లాజులో ఉన్నాయో చెబితే ఆ పత్రానికి సరిపోతుంది. అసలు పట్టిక ఒప్పందంలోని ఇంగ్లిషు పేజీల్లో ఉండిపోతుంది. ఏ దశకు ఎంత, ఎవరు తనిఖీ చేస్తారు, ఎన్ని రోజుల్లో విడుదల, ఎంత గడువులో ఇల్లు పూర్తికావాలి అన్న నాలుగు విషయాలు తెలుగులో రాసిచ్చాకే సంతకం తీసుకోవాలి.

కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా బ్యాంకర్ల సమావేశం ఈ అంశాన్ని చర్చకు తీసుకోవాలి. మెరకను, పునాదిని విడి దశగా గుర్తించి మొదటి విడతను ముందుకు జరపాలి. వరద నెలలను నిర్మాణ గడువులోంచి మినహాయించాలి. అంచనా వేసే ఇంజినీర్లు మట్టి ఖర్చును విడిగా చూపాలి. పంచాయతీలు పూర్తి ధ్రువపత్రాన్ని తిప్పించుకోకుండా ఇవ్వాలి. వీటిలో ఏదీ బ్యాంకు భద్రతను తగ్గించదు. సగంలో ఆగిన శ్లాబు కంటే పూర్తయిన ఇల్లే బ్యాంకుకైనా గట్టి హామీ.