దూరం ఊరికే రాలేదు

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ని, లెక్కల్లో వేలు పెడుతున్నా. తప్పదు.

మొన్నొక పరిశోధక విద్యార్థి తన చాప్టర్ చూపించాడు. రక్తం తక్కువైతే జబ్బులొస్తాయి. జబ్బులొస్తే రక్తం తగ్గుతుంది. ఏది ఎంత కారణమో మామూలు రిగ్రెషన్ తేల్చలేదు. అందుకే ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్ కావాలి: రక్తాన్ని కదిలించాలి, జబ్బును మాత్రం వేరే ఏ దారిలోనూ తాకకూడదు. 1994లో అమెరికాలో మెక్‌లెల్లన్ బృందం గుండెపోటు వచ్చిన వృద్ధుల విషయంలో ఆసుపత్రి దూరాన్ని ఇలాగే వాడింది. మనవాడు రేషన్ షాపు దూరం తీసుకున్నాడు. దగ్గరుంటే ఐరన్ కలిపిన బియ్యం అందేవట, రక్తం పట్టేదట.

నాకు మండింది. వాడ ఊరికి ఎడంగా ఎందుకుంది? లాటరీ తీసి పెట్టారా? ఆ దూరం పెట్టిన కులమే కుళాయినీ, మురుగు కాలువనీ, కూలినీ, డాక్టరు ఒంటిమీద చెయ్యేసి చూడటాన్నీ నిర్ణయిస్తుంది. జబ్బుకు ఎన్ని దారులో!

‘ఎఫ్ విలువ పది దాటింది సార్’ అన్నాడు. దాటితే దూరానికీ రక్తానికీ గట్టి సంబంధం ఉందని. అంతే. మిగతా దారులు మూసుకున్నాయని కాదు. ఉన్నది ఒక్క ఇన్‌స్ట్రుమెంటే అయినప్పుడు దాన్ని ఏ పరీక్షా చెప్పదు.

‘ఎస్సీ డమ్మీ వేశాను కదా?’

ఏ వాడకు నీళ్లొచ్చాయో, ఏ వాడకు రాలేదో ఆ ఒకటీ సున్నాకి తెలుసా తమ్ముడూ?