ఆటలమ్మ ఆట కాదు

సరిగ్గా పరీక్షల వేళకు, ఎండలు ముదిరే ముందర, మన హాస్టళ్ళకు పిలవని చుట్టమొకటి వస్తూ ఉంటుంది. అదే ఆటలమ్మ. డాక్టర్లు చికెన్‌పాక్స్ అంటారు. "చిన్నపిల్లల జబ్బేగా, వారంలో అదే పోతుంది" అని నవ్వేస్తాం. నేనూ అలా నవ్వినవాణ్ణే.

నా గదిలోని మిత్రుడికి పొక్కులు లేచాయి. మందు మింగితే అమ్మవారికి కోపం వస్తుందని మా బామ్మ చెప్పే మాట వాడికి చెప్పింది నేనే. వేపమండలు తెచ్చి మంచం పక్కన పెట్టిందీ నేనే. నాలుగోనాటికి పొడిదగ్గు, ఆయాసం. రాత్రికి ఒక మాట పూర్తిగా పలకలేకపోయాడు. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి న్యుమోనియా అన్నారు. ఆ వైరస్సే ఊపిరితిత్తుల్లోకి దిగిందట! వాడు బతికాడు గాని పరీక్షలు పోయాయి.

ఈ ఉపద్రవం ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో బహు అరుదు. పెద్దవాళ్ళలో, అందునా సిగరెట్లు కాల్చేవారికి, గర్భిణులకు ప్రమాదం ఎక్కువ. ఒక్కొక్కప్పుడు మెదడుకూ వాపు రావచ్చు. చలిదేశాల్లో దాదాపు అందరికీ ఇది చిన్నతనంలోనే వచ్చిపోతుంది. మనలాంటి ఉష్ణదేశాల్లో పెద్దయ్యేదాకా రానివాళ్ళు ఎక్కువ. అంటే హాస్టల్లో ఉండే మన వయసువాళ్ళమే దానికి దొరుకుతాం.

మా బామ్మను తప్పుపట్టను. ఆవిడ భయం మశూచిని చూసిన భయం. దానికి అప్పుడు మందు లేదు. అమ్మవారు పోసిన ఇంటికి ఎవరూ వెళ్ళరాదన్న కట్టుబాటు నేటికీ మంచిదే. పొక్కులన్నీ ఎండి పెచ్చులు కట్టేదాకా ఈ జబ్బు అంటుకుంటూనే ఉంటుంది. కాని 1975 తర్వాత మన దేశంలో మశూచి లేకుండా పోయిందంటే అది టీకాల చలవ, వేపమండల చలవ కాదు. ఆటలమ్మకూ ఇప్పుడు మందుంది, ఎసైక్లోవిర్. పొక్కులు కనిపించిన 24 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. 1974లోనే జపాన్‌లో తకహాషి అనే వైద్యుడు టీకా కూడా కనిపెట్టాడు.

కాబట్టి మిత్రులారా, వేపమండ పెట్టుకోండి, దండం పెట్టుకోండి, ఎవరూ కాదనరు. కాని పొక్కు కనబడిన రోజే డాక్టరుకు చూపించండి. దగ్గు, ఆయాసం వస్తే తెల్లవారేదాకా ఆగకండి.

రాబోయే యూనియన్ కార్యవర్గానికి ఒక్కటే మనవి. ప్రతి హాస్టల్లో జబ్బుపడినవాళ్ళ కోసం ఒక విడిగది అడిగి సాధించండి. వార్షికోత్సవం పందిరి ఖర్చు కాస్త తగ్గినా ఫరవాలేదు.