అటకెక్కిన వ్యాసంగం

వృత్తి కడుపుకు అన్నం పెడుతుంది, వ్యాసంగం మనస్సుకు అన్నం పెడుతుంది అని పెద్దలు అంటారు. ఐతే ఆ రెండవ అన్నం మానివేసినా కడుపు కాలదు. అందుచేతనే మనిషి దానిని సులభంగా రేపటికి వాయిదా వేస్తాడు. చిత్రలేఖనం గాని, సంగీతం గాని, ఛాయాగ్రహణం గాని ఒకప్పుడు ప్రేమతో చేపట్టి తరువాత విడిచినవారి మనస్సులో ఒక ముల్లు మిగిలిపోతుంది. పాఠాలు చెప్పి, జవాబు పత్రాలు దిద్ది ఇల్లు చేరిన ఉపాధ్యాయునికి అటక మీది కెమెరా పెట్టె కంటబడితే ఆ ముల్లు కదులుతుంది. కొందరు ఆ బాధను చాపల్యమని కొట్టివేస్తారు. మరికొందరు దానిని మోస్తూ కుంగిపోతారు. ఈ ఆత్మనిందలో అబద్ధమెంత, నిజమెంత అని విడదీసి చూడడం వివేకవంతుల లక్షణం.

అబద్ధమైన భాగం పోలికలో నుండి పుడుతుంది. తోటివాని చిత్రానికి బహుమతి వచ్చినదని విన్నంతనే, తానూ ఈపాటికి ఏదో సాధించి ఉండవలసినదన్న చింత బయలుదేరుతుంది. అంతవరకు ఆనందంగా ఉన్న అభిరుచి ఆ క్షణాన అప్పుగా మారుతుంది. తీర్చలేని ప్రతి నెలా వడ్డీ పెరుగుతుంది. కాని కళ వడ్డీవ్యాపారి కాదు. ఫ్రాన్సు దేశపు ఛాయాచిత్రకారులలో అగ్రగణ్యుడైన హెన్రీ కార్టియే బ్రెస్సన్ 1970 దశకంలో కెమెరాను చాలవరకు పక్కన పెట్టి, యౌవనంలో అభ్యసించిన చిత్రలేఖనానికి మరలినాడు. దానిని కళాద్రోహమని ఎవరు అనగలరు? ఆలస్యమైనదన్న దిగులూ అటువంటిదే. ఇంగ్లండులో జూలియా మార్గరెట్ కామెరాన్ చేతికి కుమార్తె కానుకగా కెమెరా వచ్చేనాటికి ఆమెకు 48 ఏండ్లు. ఆ సంవత్సరం 1863. ఆమె తీసిన ముఖచిత్రాలను లోకం నేటికీ ఆదరిస్తున్నది.

ఉద్యోగం వ్యాసంగానికి శత్రువన్న మాట కూడా పూర్తిగా నిలువదు. రాజా దీన్ దయాళ్ (1844-1905) రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో నక్షలు గీసే, అంచనాలు వేసే ప్రభుత్వోద్యోగంలో చేరినాడు. 1874 ప్రాంతంలో ఆ కొలువులో ఉండగానే కెమెరా పట్టినాడు. ఆ అభిరుచియే తరువాత ఆయనను ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానానికి చేర్చింది. అందరూ దీన్ దయాళులు కానక్కరలేదు; కొలువు నడుమ కొంత చోటు దొరుకుతుందని గ్రహిస్తే చాలు.

ఇక నిజమైన భాగం. కెమెరా మూలపడితే యంత్రానికి కలిగే నష్టం స్వల్పం. చూపుకు కలిగే నష్టం పెద్దది. 2016 వరకు నల్లగొండ జిల్లాలో ఉండి, నేడు సూర్యాపేట జిల్లాలో చేరిన తిరుమలగిరినే తీసుకోవచ్చు. ఆ చేరువలోనే పాము పడగ వంటి ఫణిగిరి ఉన్నది. 1940 దశకంలో అక్కడ త్రవ్వకాలు జరిగి, ప్రాచీన బౌద్ధక్షేత్రం వెలుగు చూసింది. 2023లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం నిర్వహించిన ప్రదర్శనకు ఫణిగిరి శిల్పాలు తరలివెళ్లినాయి. సముద్రాల కావల లోకం వాటిని నిలిచి చూసింది. బస్సెక్కి పోదగిన దూరంలో ఉన్న బడి పిల్లలలో ఎందరు చూసినారు?

శిల్పాలకు ప్రభుత్వ రక్షణ ఉన్నది. మోటబావి గిలకకు, గూనపెంకుల ఇంటికి, కుమ్మరి సారెకు, మగ్గం గుంటకు ఆ రక్షణ లేదు. అవి పోయేటప్పుడు చెప్పి పోవు. 1954 నుండి 1960 వరకు త్రవ్వకాలు జరిగిన నాగార్జునకొండ లోయ తరువాత జలాశయంలో మునిగింది. ముఖ్యమైన కట్టడాలను కొండమీదికి చేర్చి తిరిగి నిలిపినారు. లోయను తరలించడం మాత్రం ఎవరి తరం? దాని రూపు నాటి ఛాయాచిత్రాలలోనే మిగిలింది. చూడనేర్చిన కన్ను ఉండి కూడా తన ఊరి రూపును నమోదు చేయలేదన్న బాధ ఉంటే, అది న్యాయమైన బాధయే. దానిని అణచుకోరాదు.

తీరిక లేదు, ఖర్చు భరించలేము అన్న సమాధానం ఒకనాడు చెల్లింది. అగ్ఫా క్లిక్ కెమెరాలో ఒక ఫిల్ము చుట్టకు పన్నెండే చిత్రాలు వచ్చేవి. మీట నొక్కేముందు చేయి తటపటాయించేది. నేడు జేబులోని ఫోనుతో ఎన్ని చిత్రాలైనా తీయవచ్చు. అయినా ముల్లు పోలేదు. మీట నొక్కడం వేరు, చూడడం వేరు అనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

కనుక ఉపాధ్యాయులు చేయదగినది చిన్న పని. నెలకొక ఆదివారం ఇద్దరు ముగ్గురు విద్యార్థులను వెంటబెట్టుకొని ఊరిలోకి నడవాలి. ఒక్క వస్తువునో, ఒక్క పనివానినో అనుమతి అడిగి, నిదానంగా చూసి, ఒక్క చిత్రం తీయాలి. దానికి పేరు, ఊరు, తేదీ వ్రాయించాలి. వివరం వ్రాయని చిత్రం పదేండ్లకు అనామకమవుతుంది. వ్రాసినది చరిత్రకు సాక్ష్యమవుతుంది. ఏడాదికి పన్నెండు చిత్రాలు, అనగా నాటి ఒక ఫిల్ము చుట్ట. ఇంతమాత్రం తీరిక దొరకని కొలువు అరుదు.

అప్పటికీ మనస్సు కెమెరా వైపు మొగ్గకపోతే, దానిని ఆసక్తిగల ఒక విద్యార్థి చేతిలో పెట్టి నిశ్చింతగా ఉండవచ్చు. అటక మీద పెట్టుకొని నిట్టూర్చడంకంటె అది ఎంతో మేలు.