పాటకు పట్టాదారు ఎవరు?

1973వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన న్యూయార్కు నగరమునందలి బ్రాంక్సు పేటలో, తన సోదరి యేర్పఱచిన విందునందు, కూల్ హెర్క్ అను యువకుడు రికార్డులను త్రిప్పి వాయించెను. హిప్‌హాపు గానమునకు అదియే జన్మదినమని యెంచబడుచున్నది. నల్లజాతి పేద యువకులు ప్రధానముగా పెంపొందించిన యీ విద్య నేడు లోకమంతటను వ్యాపించినది. ఐనను దాని ఫలములో పెద్దపాలు చిరకాలము రికార్డు కంపెనీలకే చెందుచు వచ్చెను.

ఇందలి మర్మము భూవసతిగల మన పాఠకులకు సులభముగా బోధపడగలదు. కంపెనీ గాయకునకు ముందుగా కొంత సొమ్మిచ్చి, దానిని అతని వంతు రాబడినుండియే రాబట్టుకొనును. ఆ యప్పు తీఱిన పిమ్మటను మూల రికార్డుపై హక్కు సామాన్యముగా కంపెనీ పేరనే నిలుచును. దున్నినవాడొకడు, పట్టాదారు మఱియొకడు! పాటను రికార్డు చేయుట, ప్రతులు తీయుట, అంగళ్లకు పంపుట, రేడియోలో వినిపించుట యన్నియు కంపెనీల చేతిలో నుండుటచే గాయకుడు గత్యంతరము లేక యీ షరతులకు తలయొగ్గుచుండెను.

ఇంటర్నెట్టు ఈ కట్టుదిట్టమును సడలించినది. కంప్యూటరును మైకును గల యువకుడు నేడు తన గదిలోనే పాటను సిద్ధపఱచి లోకమున కందీయ గలుగుచున్నాడు. చికాగోవాడైన ఛాన్స్ ది రాపర్ ఏ రికార్డు కంపెనీకిని లోబడక, 2012లో ‘10 డే’ను, 2013లో ‘యాసిడ్ రాప్’ను ఉచితముగా వెల్లడించెను. వెలలేని పాట జనులను వెలగల కచేరీలకు రప్పించెను. 2016లో అతని ‘కలరింగ్ బుక్’ ఇంటర్నెట్టు ద్వారముననే వెలువడెను. అట్టి గీతములకును అర్హత గలుగునట్లు గ్రామీ బహుమానముల సంఘము ఆ యేటనే తన నిబంధనను మార్చుకొనెను. 2017 ఫిబ్రవరిలో అతనికి మూడు గ్రామీలు లభించెను. లాస్ ఏంజెలెస్ వాడైన నిప్సీ హసిల్ 2013లో ‘క్రెన్షా’ గీతములను ఇంటర్నెట్టులో ఉచితముగా నిచ్చుచునే, 1,000 ప్రతులు మాత్రము తీయించి ఒక్కొక్కటి 100 డాలర్లకు విక్రయించెను. అవి దినము తిరుగకుండ చెల్లిపోయెను.

అట్లని ఇంటర్నెట్టు కల్పవృక్షమని చెప్ప సాహసింపము. పాత దళారి తొలగినచోట క్రొత్త దళారి వెలయుట లోకరీతి. స్పాటిఫై కంపెనీ 2024 మొదలుకొని, గడచిన 12 నెలలలో 1,000 పర్యాయములైన వినబడని పాటకు ప్రతిఫల మీయుట మానినది. ఈ దెబ్బ తగులునది అనామకుడైన క్రొత్త గాయకునకే గదా!

ఛాన్సు సైతము ‘కలరింగ్ బుక్’ను రెండు వారములు తమ యొద్దనే వినిపించుటకై ఆపిల్ కంపెనీవలన 5 లక్షల డాలర్లు గైకొనెను. స్వతంత్రునకు ఇది కళంకమని ఆక్షేపించినవారు గలరు. మేము వారితో నేకీభవింపజాలము. రెండు వారముల కౌలు వేఱు, శాశ్వత విక్రయము వేఱు. గడువు ముగియగనే పాట తిరిగి అతని వశమయ్యెను.

కావున గాన మే జీవనముగా నెంచు యువకులకు మేము హితవు చెప్పునది యొక్కటియే. ఎందఱు వినిరను లెక్కకు మురిసిపోవుటకు ముందు, పత్రములో హక్కు ఎవరి పేర వ్రాయబడినదో చూచుకొనవలయును. దళారితో పొత్తు తప్పనిచో గడువుగల కౌలు నీయవచ్చును. విక్రయపత్రముపై మాత్రము చేవ్రాలు చేయరాదు. ఇంటర్నెట్టు బాట చూపినది. పొలమును నిలుపుకొనుట గాయకుని వివేకముపై నాధారపడి యున్నది.