చటాన్‌పల్లిలో చల్లిన పూలు

2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ పక్కన చటాన్‌పల్లి వంతెన మీదినుంచి పోలీసుల నెత్తిన పూలవాన కురిసింది. పశువైద్యురాలిపై అత్యాచారం చేసి, చంపి, కాల్చేశారన్న కేసులో నిందితులు నలుగురినీ తెల్లారకముందే కాల్చిచంపిన రోజది. జనం మిఠాయిలు పంచారు, జిందాబాద్‌లు కొట్టారు. ఆ బిడ్డ కోసం రగిలిన కడుపుమంట అబద్ధం కాదు. కానీ ఫిర్యాదు తీసుకోవడంలో జాప్యం చేశారని ముగ్గురు పోలీసులు సస్పెండైంది కూడా ఈ కేసులోనే. వారం తిరగ్గానే అదే ఖాకీ దేవుడైపోయింది!

నిందితులెవరు? మక్తల్ వైపు లారీ డ్రైవర్లు, క్లీనర్లు. పాలమూరులో అట్లాంటి పోరగాళ్లు ఊరూరా ఉంటారు. వాళ్ల తరఫున నిలబడబోమని షాద్‌నగర్ వకీళ్లు తీర్మానించారు. మహబూబ్‌నగర్‌లో ఫాస్ట్‌ట్రాక్ కోర్టు అని ప్రకటించిన రెండు రోజులకే, ఒక్క సాక్షి బోనెక్కకుండానే కేసు ముగిసింది.

సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని అది తేల్చింది. 10 మంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలంది. నాటి సంబురంలో పదోవంతు చర్చయినా జరిగిందా?

ఆ 10 మందీ ఇవ్వాళ్టికి నిందితులే తప్ప దోషులు కారు. కమిషన్ నివేదిక తీర్పు కాదు. హైకోర్టు తలుపు తట్టే దారి వాళ్లకుంది. 2024 మేలో నివేదికపై చర్యలకు స్టే కూడా వచ్చింది. రావొచ్చు. వాళ్లను నడిబజార్ల శిక్షించమని ఎవరూ అడగడం లేదు. పోలీసుకు దక్కిన వకీలు, వాయిదా మక్తల్ క్లీనర్‌కు ఎందుకు దక్కలేదన్నదే ప్రశ్న.

ఇదే షాద్‌నగర్‌లో 2016 ఆగస్టు 8న నయీం ఎన్‌కౌంటర్ అయ్యాడు. భువనగిరి ఊపిరి పీల్చుకుంది, పీల్చుకోదా మరి! అయితే 1999లో గాయని బెల్లి లలితను ముక్కలు చేసిన చేతుల వెనక ఎవరున్నారు? నయీంను పెంచిన పెద్దలెవరు? కోర్టులో అతన్ని నిలబెట్టి అడగాల్సినవన్నీ అతనితోపాటే మట్టిలో కలిశాయి. చప్పట్లు కొట్టినవాళ్లలో ఆ పెద్దలు కూడా ఉన్నారేమో, ఎవరికెరుక?

ఎన్‌కౌంటర్ ప్రకటనలను ఏళ్లతరబడి అనుమానంగా చదివిన నేల మనది. ఇట్లాంటి ప్రశ్నలడిగే పౌరహక్కుల నాయకుడు ఆజం అలీని 2001లో నల్లగొండలోనే చంపారు. అలాంటి చోట విద్యార్థులు, ఉద్యోగులు కూడా ఆ పొద్దున పోలీసు కథను ముందూవెనకా చూడకుండా నమ్మేశారు. కథ చెప్పింది నచ్చిన పోలీసాయన కాబట్టి.

చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కమిషన్ చెప్పింది. వాళ్ల వయసు బడి రికార్డుల్లోనే ఉంది. ఆ రిజిస్టరు తెప్పించమని అడగడానికి ఒక్క వకీలు నిలబడినా సరిపోయేది.